నాన్న రిటైర్డ్ హవల్దార్: నా బీటెక్‌కి, తమ్ముడి చదువుకి నిజంగా ఏం వస్తాయి?

గరివిడి_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది గరివిడి దగ్గర పల్లెటూరు. నాన్నగారు ఆర్టిలరీలో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశారు. ఇప్పుడు ఒక ప్రైవేటు గోడౌన్‌లో రాత్రి కాపలా. అమ్మ ఇంట్లోనే ఉండి మిషన్ కుడుతుంది. నాకు ఇంటర్ ఎంపీసీలో 941 వచ్చాయి. ఈఏపీసెట్ ర్యాంకు పర్వాలేదు గానీ, మంచి కాలేజీలో కంప్యూటర్స్ రావడం కష్టమే అంటున్నారు. తమ్ముడు పదో తరగతి పాసై ఇంటర్ సీఈసీలో చేరాడు. వాడికి లెక్కలంటే పడదు. బీఏ చదివి గ్రూప్స్ రాస్తానంటాడు.

ఎవరిని అడిగినా తలో మాట చెబుతున్నారు. మా వీధిలో ఒకాయన "మీకేటి, మిలటరీ వాళ్ళ పిల్లలకి చదువంతా ఫ్రీ" అంటారు. మామయ్యేమో "అవన్నీ యుద్ధంలో పోయినవాళ్ళ పిల్లలకే, మీకు రూపాయి రాదు" అంటాడు. సచివాలయంలో అడిగితే కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. నాన్న పెన్షన్, దాని మీద ఇచ్చే కరువు భృతి (డీఆర్) కలిపితే ఆ లెక్క దాటిపోతుంది. కానీ ఆ డబ్బుతో ఇల్లు గడిపి, ఇద్దరినీ చదివించడం ఎంత కష్టమో మాకే తెలుసు.

నాన్నని అడగమంటే ఆయన అడగరు. "సర్వీసంతా లైన్లోనే నిలబడ్డాను, ఇంకా నిలబడమంటావా" అంటారు. కోపం కాదు, మొహమాటం. అందుకే నేను అడుగుతున్నాను.

ఇంకొక టెన్షన్. డిశ్చార్జి బుక్కులో నా పేరులోని లక్ష్మిని ఎక్స్ పెట్టి రాశారు. పదో తరగతి మార్కుల లిస్టులో కె, ఎస్, హెచ్‌తో ఉంది. పుట్టిన తేదీలో నెల కూడా తేడా. దీనివల్ల ఏమైనా ఇబ్బంది వస్తుందా? ఈఏపీసెట్ ఫారంలో మిలటరీ కోటా అని టిక్కు పెట్టాను, అది ఏ మేరకు పనికొస్తుంది?

బొబ్బిలి_బుల్లోడు

సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకి వెళ్ళండి, అంతా వాళ్ళే చూసుకుంటారు. మా ఫ్రెండ్‌కి ఫీజు, హాస్టలు, పుస్తకాలు మొత్తం వచ్చేశాయి. వాళ్ళ నాన్నగారు కూడా ఆర్మీయే. టెన్షన్ పడకండి.

సుబేదార్_ఆమదాలవలస

అమ్మాయీ, ముందు మీ నాన్నగారికి నా జైహింద్ చెప్పు. నేను క్లర్కుగా చేరి సుబేదారుగా దిగినవాణ్ణి. ఆమదాలవలసలో ఉంటాను. చుట్టుపక్కల ఫౌజీల కాగితాలు చాలావరకు మా అరుగు మీదికే వస్తాయి. కాబట్టి విన్నది కాదు, చూసింది చెబుతాను.

మీ వీధాయన మాటా నమ్మకు, మీ మామయ్య మాటా నమ్మకు. బొబ్బిలి బాబు చెప్పిన ఫ్రెండ్ సంగతి వేరే అయి ఉంటుంది. ఫీజు మొత్తం వచ్చే పథకం ఉంది గానీ అది యుద్ధంలోనో ఆపరేషన్లోనో ప్రాణం పోయినవారు, అంగవైకల్యం వచ్చినవారు, ఆచూకీ లేకుండా పోయినవారి పిల్లలకి. మామూలుగా సర్వీసు పూర్తిచేసుకుని ఇంటికి వచ్చినవాళ్ళకి అది లేదు. ఉన్నవి వేరే ఉన్నాయి. వాటిలో నీకు వచ్చేది మీ తమ్ముడికి రాదు, వాడికి వచ్చేది నీ బీటెక్‌కి రాదు. ఇది తెలియకే చాలామంది ఒకే ఫారం పట్టుకుని ఇద్దరు పిల్లలకీ తిరుగుతుంటారు.

ముందు నీ సంగతి. నీది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. పీఎంఎస్‌ఎస్ అంటారు. ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు నడుపుతుంది, డబ్బు నేషనల్ డిఫెన్స్ ఫండ్ నుంచి వస్తుంది. 2006-07లో మొదలైంది. దేశం మొత్తం మీద ఏడాదికి 5,500 మందికి ఇస్తారు, అందులో 2,750 అమ్మాయిలకి, 2,750 అబ్బాయిలకి. అమ్మాయికి నెలకి 3,000, అబ్బాయికి 2,500 లెక్క. నెలనెలా పడదు. ఏడాదికి ఒకసారి నీకైతే 36,000 నీ ఖాతాలోనే పడుతుంది. కాలేజీకి కాదు, మీ నాన్నకీ కాదు, నీ పేరు మీద ఆధార్ లింకైన ఖాతాకి. అది కాలేజీ ఫీజంతా తీర్చదు. హాస్టలు బిల్లులో మాత్రం పెద్ద ఊరట.

బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ, ఎంబీఏ, ఎంసీఏ లాంటి వృత్తి కోర్సులకే ఇస్తారు. అదీ మొదటి వృత్తి డిగ్రీకే. బీటెక్‌కి తీసుకున్నాక మళ్ళీ ఎంబీఏకి అడగడానికి లేదు. దూరవిద్యకి లేదు, విదేశాల్లో చదువుకి లేదు. కోర్సుని బట్టి ఒకటి నుంచి ఐదేళ్ళ దాకా వస్తుంది.

ఇంటర్‌లో 60 శాతం ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు అన్నాను, వస్తుంది అనలేదు. ముందు ప్రాణం పోయినవారి, గాయపడ్డవారి, సర్వీసు కారణంగా చనిపోయినవారి, సర్వీసు కారణంగా అంగవైకల్యం వచ్చినవారి, శౌర్య పతకాలు వచ్చినవారి కుటుంబాలు. ఆ ఐదు కేటగిరీల తర్వాత ఆరోది మనది, మామూలు మాజీ సైనికుల పిల్లలది. ఇందులో ఆఫీసర్ల పిల్లలు ఉండరు. జవాన్లు, జేసీఓల (నా లాంటి సుబేదార్ల) పిల్లలే ఉంటారు, ఇక్కడ మార్కుల మీదే పోటీ. నీకు 94 శాతం ఉంది. మన ఇంటర్ బోర్డు మార్కులు ధారాళంగా వేస్తుందని ఉత్తరాది ఫౌజీలు నా దగ్గరే సణిగేవాళ్ళు. సణగనీ. ఈఏపీసెట్ ర్యాంకు ఇక్కడ చూడరు, ఆదాయం సర్టిఫికెట్ అడగరు. కాబట్టి సచివాలయంలో రాదన్నారని దీన్ని వదిలేయకు. అది వేరు, ఇది వేరు.

ఇక తమ్ముడు. వాడు బీఏ అంటున్నాడు కదా, బీఏకి పీఎంఎస్‌ఎస్ ఉండదు. వాడికి రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి ఉంది. ఒకటో తరగతి నుంచి మామూలు డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లలకి. హవల్దారు, ఆ లోపు ర్యాంకుల వాళ్ళకీ, వాళ్ళ భార్యలు వితంతువులైతే వాళ్ళకీ మాత్రమే. నా పిల్లలకి ఇది రాలేదు, భుజం మీద నక్షత్రం వచ్చిందని సంబరపడ్డాం గానీ అది ఇక్కడ అడ్డం. నెలకి 1,000 ఉండేది, 2025 అక్టోబరులో 2,000 చేశారు, నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకి కొత్త రేటు. అంటే ఒక్కొక్కరికీ ఏడాదికి 24,000.

దీని పద్ధతి తిరగబడి ఉంటుంది. చదవబోయే క్లాసుకి కాదు, పాసైన క్లాసుకి ఇస్తారు. 50 శాతం మార్కులతో పాసై, మార్కుల లిస్టు పెట్టి అడగాలి. తమ్ముడి పదో తరగతికి ఇప్పుడు అడగాలి. నీ ఇంటర్ రెండో సంవత్సరానికి కూడా అడగమని మీ నాన్నకి చెప్పు. మీరిద్దరూ చిన్న క్లాసుల్లో ఉన్నప్పటి ఏళ్ళు పోయినట్టే, వాటి గురించి బాధపడి లాభం లేదు. మీ నాన్న ప్రైవేటు కాపలా ఉద్యోగం దీనికి అడ్డు కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో మళ్ళీ చేరి పిల్లల చదువు భత్యం తీసుకుంటుంటే అప్పుడు కుదరదు.

ఈఏపీసెట్‌లో టిక్కు పెట్టినది క్యాప్ కోటా, అంటే సైనికుల పిల్లల కోటా. 2 శాతం సీట్లు. ఎక్స్‌సర్వీస్‌మన్ పిల్లలకీ, సర్వీసులో ఉన్నవాళ్ళ పిల్లలకీ వర్తిస్తుంది, మన రాష్ట్రం వాళ్ళయి ఉండాలి. ఇక్కడా ప్రాణం పోయినవారు, గాయపడ్డవారు, పతకాల వాళ్ళ పిల్లలు ముందు. టిక్కు పెట్టడంతో పని అయిపోదు, కౌన్సెలింగ్‌లో స్పెషల్ కేటగిరీ వాళ్ళకి విడిగా సర్టిఫికెట్ల పరిశీలన ఉంటుంది. ఆ తేదీ తప్పితే ఓపెన్‌లో మిగిలిపోతావు. నోటిఫికేషన్‌లో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో వేస్తారు, ఆ పేజీలు ముందు చదువు. మీ జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసర్ ఇచ్చే సర్టిఫికెట్, డిశ్చార్జి బుక్కు, ఎక్స్‌సర్వీస్‌మన్ కార్డు, అన్నీ ఒరిజినల్సే తీసుకెళ్ళాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు చివర్లో చిన్న టెన్షన్‌లా రాశావు గానీ, నా దగ్గరికి వచ్చే కేసుల్లో మార్కులు తక్కువై పోయినవి తక్కువ. పేరు కలవక ఆగిపోయినవే ఎక్కువ.

ఆ ఎక్స్ ఎలా వచ్చిందో నాకు తెలుసు. జవాను సెలవు మీద ఇంటికి వచ్చి, పాప పుట్టిందని పంచాయతీ కాగితం పట్టుకుని యూనిట్‌కి వెళతాడు. కాగితం తెలుగులో ఉంటుంది. కుర్చీలో ఉన్న క్లర్కుది హర్యానాయో బీహారో. "బేటీ కా నామ్?" అంటాడు. ఇతను చెబుతాడు. అతనికి లక్ష్మి అంటే వాళ్ళూళ్ళో రాసుకునే లక్ష్మే, ఎక్స్ పెట్టి కొడతాడు. పార్ట్ టూ ఆర్డర్, అంటే జవాను ఇంటి వివరాలు రికార్డుకెక్కించే కాగితం, వెలువడుతుంది, రికార్డ్స్‌కి వెళుతుంది, అక్కడ అలాగే ఎక్కుతుంది. పుట్టిన తేదీ కూడా అంతే, సర్టిఫికెట్ ఇచ్చిన తేదీని పుట్టిన తేదీగా వేసిన కేసులు చూశాను. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ పేజీని ఎవరూ తెరవరు. దిగేటప్పుడు డిశ్చార్జి బుక్కులో కుటుంబం వివరాల పేజీలో అదే పేరు దించేస్తారు. జవాను సంతకం పెట్టేస్తాడు, ఎందుకంటే ఆ రోజు అతని కళ్ళు పెన్షన్ పేజీ మీదుంటాయి, పిల్లల పేజీ మీద కాదు.

ఇంకో తిప్ప ఇంటిపేరు. ఆర్మీలో మన ఇంటిపేరు ఒక అక్షరం, లేదా అసలే ఉండదు. పదో తరగతి లిస్టులో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. దీన్ని మాత్రం ఆఫీసులో అర్థం చేసుకుంటారు, మన జిల్లాల్లో అందరిదీ అదే కథ కదా. స్పెల్లింగు, తేదీ విషయంలోనే పట్టుబడతారు.

పదో తరగతి లిస్టే ఆధారం. దాన్ని మార్చకు, ఆర్మీ రికార్డునే దానికి తగ్గట్టు మార్పించాలి. మీ నాన్నది ఆర్టిలరీ కాబట్టి రికార్డ్స్ నాసిక్ రోడ్ క్యాంపులో ఉంది. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా చెబుతున్నాను: మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, ఏఎస్‌సీకి, మద్రాస్ సాపర్స్‌కి బెంగళూరు, ఈఎంఈకీ ఏఓసీకీ సికింద్రాబాద్. మీ నాన్న ఒక దరఖాస్తు రాయాలి, నంబరు, ర్యాంకు, పేరు, రికార్డులో ఉన్న పేరూ తేదీ ఇవి, ఉండాల్సినవి ఇవి అని. దానికి నీ పదో తరగతి లిస్టు, ఆధార్, డిశ్చార్జి బుక్కులో ఆ పేజీ జిరాక్స్‌లు, రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ జతచేసి సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ద్వారా పంపించాలి. ఒరిజినల్ బుక్కు పోస్టులో ఎప్పుడూ పంపొద్దు. దరఖాస్తు కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకో, ఆ కాపీయే తర్వాత నీకు ఆధారం.

స్పర్ష్ అనే మిలటరీ పెన్షన్ల పోర్టల్‌లో మీ నాన్న ప్రొఫైల్ తెరిచి అక్కడ కుటుంబం వివరాల్లో ఏముందో కూడా చూడు. అక్కడ ఒకటి, బుక్కులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉన్న ఇళ్ళు నాకు చాలా తెలుసు. నీ పేరుతో డిపెండెంట్ కార్డు లేకపోతే అది కూడా ఈ వరసలోనే చేయించు.

ఇవన్నీ సీటు వచ్చాక చేద్దామని కూర్చోకు. సీటు వచ్చాక కాలేజీ, హాస్టలు, కొత్త ఊరు, ఆ హడావిడిలో నాసిక్ నుంచి జవాబు రాలేదని ఏడుస్తారు. రేపే మొదలుపెట్టు.

మూడో_సెమిస్టర్

సుబేదార్ గారు చెప్పినదానికి నా అనుభవం కొంచెం కలుపుతాను. నాది సోంపేట వైపు, నాన్న నేవీలో చేశారు. పీఎంఎస్‌ఎస్ మొదటి ఏడాది వచ్చింది.

దరఖాస్తు ఆన్‌లైనే, కేంద్రీయ సైనిక్ బోర్డు సైట్‌లో. మూడు కాగితాలు వాళ్ళ నమూనాలోనే ఉండాలి: సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ఇచ్చేది, కాలేజీ ఇచ్చే బోనఫైడ్, బ్యాంకు ఆధార్ లింకు సర్టిఫికెట్. కాలేజీ బోనఫైడ్ దగ్గరే నాకు చుక్కలు కనిపించాయి. మా కాలేజీ పేరు చెప్పను. ఆఫీసులో ఉన్న మేడమ్ తమ సొంత బోనఫైడ్ ఇచ్చి "ఇదే మా ఫార్మాట్, అందరికీ ఇదే" అన్నారు. అది పెడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. చివరికి ప్రిన్సిపాల్ గారి గది బయట మధ్యాహ్నం దాకా నిలబడి, ఆయన భోజనానికి లేచినప్పుడు పట్టుకుని సంతకం పెట్టించుకున్నాను. ఆయన అర నిమిషంలో పెట్టేశారు.

ఇంకొకటి, దరఖాస్తు పంపాక మర్చిపోకండి. ముందు జిల్లా, తర్వాత రాష్ట్రం, ఆ తర్వాత ఢిల్లీ చూస్తారు. ఎక్కడైనా అభ్యంతరం రాస్తే సైట్‌లో కనిపిస్తుంది, మనం సరిచేసి మళ్ళీ పంపాలి. ఫోన్ చేసి ఎవరూ చెప్పరు. స్కాన్ చేసిన కాగితం మసకగా ఉందని కూడా వెనక్కి పంపుతారు. ఫోన్‌తో మంచం మీద పెట్టి తీసిన ఫొటోలు వద్దు, నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించండి.

రెండో ఏడాది నుంచి ఏటా రెన్యువల్. ప్రతి ఏడాదీ 50 శాతం ఉండాలి. మన మార్కుల మెమోలో సీజీపీఏ ఉంటుంది, దాన్ని శాతంలోకి మార్చి కాలేజీ రాసివ్వాలి. ఇది కూడా ముందే అడిగి పెట్టుకోండి.

టెక్కలి_అమ్మ

నేను ఇక్కడ సాధారణంగా రాయను. బొబ్బిలి బాబు చెప్పిన లాంటి పథకమే మాకూ వస్తోంది. మావారు ఆపరేషన్లో పోయారు. మా అబ్బాయి ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాది.

మా అబ్బాయికి ట్యూషన్ ఫీజు, హాస్టలు, పుస్తకాల ఖర్చు వస్తున్నాయి. ఈ పథకం 1971 యుద్ధం తర్వాత మొదలైంది. 2017లో నెలకి 10,000 మించకూడదని పరిమితి పెట్టారు. అప్పుడు మాలాంటి వాళ్ళం చాలా కంగారు పడ్డాం. చాలామంది గట్టిగా అడిగారు, 2018 మార్చిలో ఆ పరిమితి తీసేశారు. ఇప్పుడు గుర్తింపు ఉన్న కాలేజీ అయితే కట్టిన ఫీజు మేరకు వస్తుంది.

ముందు మనం కట్టాలి, తర్వాత వస్తుంది. ఇది ఎవరూ చెప్పరు. మొదటిసారి కట్టడానికి నా గాజులు పెట్టాను, తర్వాత విడిపించుకున్నాను. రసీదులన్నీ ఒరిజినల్ ఉండాలి. హాస్టలు రసీదు మీద పిల్లాడి పేరు, కాలం, మొత్తం స్పష్టంగా రాయించండి. "మెస్ ఛార్జీలు" అని ఒక్క మాట రాసిచ్చిన రసీదు నాకు వెనక్కి వచ్చింది.

గరివిడి అమ్మా, మీ నాన్నగారు ఇంటికి క్షేమంగా వచ్చారు. ఈ పథకం మీకు వర్తించనందుకు సంతోషించండి. మీకు వచ్చేవి వదులుకోకండి.

ఎస్‌కోట_వేణు

సుబేదార్ గారికి నమస్తే. మా నాన్నగారు సీఆర్‌పీఎఫ్‌లో రిటైరయ్యారు. నాకు బీఫార్మసీ సీటు వచ్చింది. సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో మాకు కార్డు ఇవ్వలేదు. మేం కూడా బోర్డర్‌లో చేశాం కదండీ, మాకేమీ లేదా?

ఇంకో మాట, మా చిన్నాన్న కొడుకు ఐదో తరగతి చదువుతున్నాడు, చిన్నాన్న ఆర్మీలోనే ఉన్నారు. కోరుకొండలో సైనిక్ స్కూల్లో వేయాలని ఉంది. అక్కడ మిలటరీ పిల్లలకి ఏమైనా ఉందా?

సుబేదార్_ఆమదాలవలస

వేణూ, చేసిన సర్వీసుకి తేడా లేదు, ఆఫీసుకి తేడా. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ వాళ్ళంతా హోం శాఖ కింద. కేంద్రీయ సైనిక్ బోర్డు రక్షణ శాఖ కింద. అందుకే సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో మీకు దారి లేదు. అదే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ హోం శాఖ ద్వారా మీకూ ఉంది, అమ్మాయిలకి 3,000, అబ్బాయిలకి 2,500, అదే రేటు. మీరు పెట్టాల్సింది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. మీ నాన్నగారి ఫోర్సులో వెల్ఫేర్ విభాగం దాన్ని పరిశీలిస్తుంది. బీఫార్మసీ వృత్తి కోర్సే, కాబట్టి అర్హతే. మీ నాన్నగారి పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), డిశ్చార్జి కాగితం బయటికి తీయించు. పేర్లు సరిచూసుకోవాలన్న మాట నీకూ వర్తిస్తుంది, ఆ క్లర్కులు కూడా ఆ ఊళ్ళవాళ్ళే.

కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి విజయనగరం రాజుల ప్యాలెస్‌లో నడుస్తోంది, మీకు తెలిసిందే. ఆరో తరగతికి, తొమ్మిదో తరగతికి ప్రవేశాలు, దేశవ్యాప్తంగా ఒకే పరీక్ష. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు పోగా మిగిలిన సీట్లలో 25 శాతం రక్షణ దళాల పిల్లలకి, సర్వీసులో ఉన్నా దిగిపోయినా. మీ తమ్ముడు ఐదులో ఉన్నాడు కాబట్టి ఇదే సరైన ఏడాది. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా లెక్కలు చెప్పించండి, అక్కడ ఎక్కువ మార్కులు లెక్కలకే.

గరివిడి_అమ్మాయి

బాబాయిగారూ, మీరు రాసినదంతా ప్రింటు తీయించి నాన్నకి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఈయన ఖచ్చితంగా క్లర్కే" అన్నారు. తర్వాత ట్రంకు పెట్టె దించి డిశ్చార్జి బుక్కు తీశారు. తమ్ముడి పేజీ చూస్తే వాడి పేరు సరిగానే ఉంది, నాదే తప్పు. వాడు అప్పటి నుంచి ఎగురుతున్నాడు.

పద్దు ప్రకారం చేస్తున్నాం. అఫిడవిట్ రాయించాం, జిరాక్స్‌లు తీయించాం. రేపు విజయనగరం వెళ్తున్నాం, నాన్న కూడా వస్తున్నారు.

రెండు అనుమానాలు. రికార్డ్స్ నుంచి జవాబు వచ్చేలోపు పీఎంఎస్‌ఎస్ గడువు వచ్చేస్తే ఏం చేయాలి? రెండోది, క్యాప్‌లో నాకు సీటు రాకపోతే, ఇంకేదైనా మిలటరీ వాళ్ళ కాలేజీలు ఉన్నాయా? పుణెలో ఒకటి ఉందని నాన్న చెప్పారు.

సుబేదార్_ఆమదాలవలస

మీ నాన్న వస్తున్నారన్నావు, సగం పని అయినట్టే. ఎక్స్‌సర్వీస్‌మన్ ఎదురుగా ఉంటే ఆఫీసులో ప్రశ్నలు అక్కడికక్కడే తేలిపోతాయి. ఆయన ఒరిజినల్ కార్డు, పీపీఓ కూడా పట్టుకురమ్మను.

గడువు సంగతి: జవాబు కోసం ఆగకు, గడువులోపు దరఖాస్తు పెట్టేయ్. స్టాంపు వేసిన కాపీ, అఫిడవిట్ చూపించి, సవరణ నడుస్తోందని సైనిక్ వెల్ఫేర్ ఆఫీసర్ గారికి చెప్పు. ఫారంలో మాత్రం పదో తరగతి లిస్టులో ఎలా ఉందో అలాగే నింపు, బుక్కులో ఉన్నట్టు కాదు. బ్యాంకు ఖాతాలోనూ అదే స్పెల్లింగు ఉందో లేదో ఈ రోజే చూసుకో. మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతా అయితే కేవైసీ కొత్తగా చేయించు, లేకపోతే మంజూరైన డబ్బు వెనక్కి పోతుంది.

పుణెది ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. 1994లో పెట్టారు, ఆర్మీ వాళ్ళ పిల్లలకే. పెన్షన్ మీద దిగినవాళ్ళ పిల్లలకీ ఉంది. కానీ అక్కడ సీటు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద. నువ్వు జేఈఈ రాశానని ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే వాళ్ళ నోటిఫికేషన్ చూడు, లేకపోతే వదిలేయ్. సికింద్రాబాద్‌లో ఆర్మీ డెంటల్ కాలేజీ ఉంది గానీ అది నీట్ వాళ్ళకి, నీకు పనికిరాదు.

నా ఉద్దేశం అడిగితే, రాజాం, టెక్కలి, విజయనగరం చుట్టూ ఉన్న కాలేజీల్లో నీకు నచ్చిన బ్రాంచి వస్తే ఇంటికి దగ్గరగా చదువుకో. కంప్యూటర్సే కావాలని దూరం వెళితే వచ్చే 36,000 హాస్టలు, రైలు ఛార్జీలకే సరిపోతుంది. ఇది నా మాట మాత్రమే, వెబ్ ఆప్షన్లు పెట్టేది నువ్వు.

బొబ్బిలి_బుల్లోడు

సారీ అండి, మొత్తం ఫ్రీ అని రాసింది నేనే. మా ఫ్రెండ్‌ని మళ్ళీ అడిగాను, వాళ్ళ నాన్నగారు గాయమై మధ్యలోనే దిగిపోయారట. ఒకటి అడుగుతాను. మా అక్క పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతోంది. మా నాన్న నాయక్‌గా రిటైరయ్యారు. మొదటి ఏడాది వాళ్ళకే అంటున్నారు, మాకు పీఎంఎస్‌ఎస్ ఉండదా?

సుబేదార్_ఆమదాలవలస

ఉంటుంది. లేటరల్ ఎంట్రీ వాళ్ళకి రెండో ఏడాదే మొదటి ఏడాది కింద లెక్క, మార్కులు డిప్లొమావి చూస్తారు. డిప్లొమా చదివిన ఏళ్ళకి మాత్రం పీఎంఎస్‌ఎస్ లేదు. ఈ ఏడాది దాటితే మాత్రం మూడో ఏడాదిలో కొత్తగా పెట్టడానికి ఉండదు, కాబట్టి సీటు అలాట్‌మెంట్ కాగితం రాగానే బోనఫైడ్ పనిలో పడమను. బోనఫైడ్ వాళ్ళ నమూనాలోనే ఉండాలి, పైన ఆ సోంపేట పిల్లాడు ఏం రాశాడో అక్కకి చూపించు.